జారడానికా... జారకుండా ఉండటానికా?

ఆదివారం మధ్యాహ్నం. కరీంనగర్‌లో ఓ ఇల్లు. హాల్లో క్యారమ్ బోర్డు చుట్టూ పిల్లలు చేరారు. అంతలో దుబాయ్ నుంచి కాక వీడియో ఫోన్. సెలవు దొరికిందని దోస్తులతో కలిసి ఎడారికి వెళ్లాడట. పెద్ద ఇసుక దిబ్బ. దాని మీంచి పలక మీద నిలబడి కిందికి జారే ఆట. జారబోయే ముందు అక్కడి మనిషి ఒకాయన పలకను బోర్లా తిప్పి, అడుగున తెల్లటి బిళ్ల ఒకటి బరబరా రుద్దుతున్నాడు.

"కాకా, గదేంది? కొవ్వొత్తా?"

"కొవ్వొత్తి కాదురా, మైనం. గిది రుద్దకుంటె పలక ముందుకు పోదు. ఉన్నకాడ్నే ఉంటది."

అక్కడితో అయిపోయేదే. కానీ పక్కనున్న మేనకోడలు ఊరుకోలేదు. "లేదు మామా! మేం వైజాగ్ పోయినప్పుడు రుషికొండ బీచ్‌ల చూసినం. అలల మీద పోయే పలకకు పైన రుద్దుతున్రు. కాళ్లు జారకుంట ఉండాల్నని!"

ఒకటే మైనం. ఒకచోట జారడానికి. మరోచోట జారకుండా ఉండటానికి. ఇద్దరిలో ఎవరో ఒకరు పొరబడి ఉండాలి కదా అనిపిస్తుంది. చిత్రమేమిటంటే ఇద్దరూ చెప్పింది నిజమే.

సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న జిల్లాకు, మంచుగడ్డ అంటే ఫ్రిజ్‌లో తప్ప కనిపించని ఊళ్లకు ఈ గొడవంతా ఎందుకని అనుకోవచ్చు. కానీ ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు వెతికితే గానీ దొరకదు. ఆ దుబాయ్‌లోనే 2005లో ఓ షాపింగ్ మాల్ లోపల ఏకంగా మంచుకొండను తయారు చేసి పెట్టారు. పేరు స్కీ దుబాయ్. బయట ఎడారి ఎండ మాడుస్తుంటే లోపల మైనస్ ఒకటి, రెండు డిగ్రీలు. మొత్తం 22,500 చదరపు మీటర్ల విస్తీర్ణం, అన్నింటికన్నా పొడవైన వాలు 400 మీటర్లు. ఇక అమెరికా, కెనడాలకు చదువుకు వెళ్లిన పిల్లలు మొదటి చలికాలంలోనే స్నోబోర్డు ఎక్కి ఫొటోలు పంపుతున్నారు. మనాలీ టూరుకు వెళ్లిన కుటుంబాలైతే సోలాంగ్ లోయలో అద్దె స్కీలు తొడుక్కుని, రెండడుగులు వేసి కూలబడి, నవ్వుకుంటూ తిరిగొస్తున్నాయి. కాబట్టి పలక అడుగున రుద్దాలా, పైన రుద్దాలా, అసలు రుద్దాలా అన్నది ఇప్పుడు మన ఇళ్లలోనూ వచ్చే ప్రశ్నే.

నిజానికి మైనం మనకు కొత్తేమీ కాదు. చెక్క సొరుగు బిగుసుకుపోతే అంచులకు కొవ్వొత్తి రుద్దమని ఏ పెద్దమ్మను అడిగినా చెబుతుంది. రుద్దగానే సొరుగు సర్రున జారుతుంది. అదే చెప్పులు కుట్టే ఆయన్ను చూడండి. దారాన్ని మైనం ముద్దలోంచి లాగి మరీ కుడతాడు. అప్పుడు కుట్టు జారదు, ముడి ఊడదు. సొరుగుకు జారుడు, దారానికి పట్టు. గట్టిగా, నున్నగా, పలచగా ఉన్న మైనం జారనిస్తుంది. మెత్తగా, జిగురుగా, మందంగా ఉన్నది పట్టేస్తుంది. గుట్టంతా ఇంతే.

ఈ సంగతి పాత ఆదిలాబాద్ జిల్లాలోని ఉషేగాం, కేస్లాగూడ ఊళ్లలో డోక్రా బొమ్మలు చేసే ఓజా కళాకారులకు తెలిసినంతగా మరొకరికి తెలియదేమో. ముందు మట్టితో లోపలి ఆకారం చేస్తారు. తేనెమైనాన్ని సన్నటి దారాల్లా తీసి దాని మీద చుడతారు. నగలైనా, ముక్కూ చెవులైనా, చీర అంచైనా అంతా మైనమే. పైన మళ్లీ మట్టి పూసి కాలిస్తే లోపలి మైనం కరిగి పోతుంది. అది ఖాళీ చేసిన చోట కరిగించిన ఇత్తడి పోస్తారు. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు జీఐ గుర్తింపు వచ్చింది. ఈ పనిలో మైనం మరీ గట్టిగా ఉంటే దారంలా సాగదు, విరుగుతుంది. మరీ మెత్తగా ఉంటే వేళ్లకు అంటుకుని గీత చెదిరిపోతుంది. అందుకే డోక్రా పని జరిగే చాలాచోట్ల మైనంలో గుగ్గిలం లాంటి చెట్టు జిగురు, కాస్త నూనె కలిపి పదును చూసుకుంటారు. సముద్రపు పలకల మైనం చేసేవాళ్ల వంటకం కూడా దాదాపు ఇదే! పారఫిన్ గానీ తేనెమైనం గానీ తీసుకుంటారు. అందులో జిగురు కోసం రెసిన్, మెత్తదనం కోసం కొబ్బరినూనె వంటిది కలుపుతారు. అడవిలో బొమ్మ చేసే ముద్దకూ, అల మీద నిలబెట్టే బిళ్లకూ ఇంత దగ్గరి చుట్టరికం ఉందన్నమాట.

ముందు సముద్రం సంగతి చూద్దాం.

మన తీరంలో జాలర్లు తరతరాలుగా దుంగలు కట్టిన తెప్పల మీద అలలు దాటుతున్నారు. ఏ తెప్పకూ మైనం రుద్దిన దాఖలా లేదు. అవసరమూ లేదు. గరుకు చెక్క, మధ్యలో కట్టిన తాళ్లు... కాలికి కావలసినంత ఆసరా. అలల ఆటకు పుట్టిల్లైన హవాయి దీవుల్లో కూడా పూర్వం చెక్క పలకలకు గింజల నూనె పట్టించేవారు. అది చెక్క చెడిపోకుండా చూసుకోవడానికి. అసలు చిక్కు పలకలు నున్నబడ్డాక వచ్చింది. వార్నిషు వేసిన చెక్క తడిస్తే కాలు నిలవదు. 1935లో కాలిఫోర్నియాలో ఓ కుర్రాడికి ఇంట్లో నేలకు మైనం పాలిష్ పెట్టినప్పుడు అది తన పాదాలకు అంటుకున్నట్టు అనిపించి, అదే పలకకు రాస్తే పోలా అని తోచిందని సర్ఫింగ్ చరిత్రల్లో చెబుతారు. తర్వాత వాళ్లమ్మ సలహాతో పారఫిన్ బిళ్ల పట్టుకున్నాడట. ఇల్లు తుడిచే తల్లి గమనించే విషయాలు కనిపెట్టేవాళ్లకు ఎంత ఉపయోగపడతాయో!

ఇప్పటి సర్ఫింగ్ పలకలు లోపల నురుగు, పైన ఫైబర్ గ్లాసు, దాని మీద రెసిన్ పూత. స్నానాలగది టైల్స్ ఎంత నునుపో అంత నునుపు. దాని మీద ఉప్పునీళ్లు. అల లేస్తున్నప్పుడు రెండు చేతులూ పలక మీద ఆనించి ఒక్క ఊపున లేచి నిలబడాలి. ఆ క్షణంలో కాలు జారితే మనిషి నీళ్లలో పడటం చిన్న సంగతే. పలక ఎగిరొచ్చి ముఖానికో పక్కటెముకలకో తగలడం పెద్ద సంగతి. అందుకే పైభాగంలో పాదాలు ఉండేచోట, ఛాతీ ఆనేచోట మైనం రుద్దుతారు. మొదట గట్టిరకం ఒక పూత. చిన్న చిన్న గింజల్లా తేలేదాకా గుండ్రంగా తిప్పుతూ రుద్దాలి. దాని మీద మెత్తరకం మరో పూత. నునుపుగా మెరిసిందంటే పని చెడిందనే లెక్క, గరుకుగా ఉండాలి. అడుగుభాగానికి మాత్రం ఏమీ రాయరు. అక్కడ నీళ్లు సాఫీగా జారిపోవాలి కదా.

మరి మంచు మీద? సరిగ్గా తలకిందులు.

స్కీ గానీ స్నోబోర్డు గానీ మంచు మీద జారుతున్నప్పుడు రాపిడి వల్ల పుట్టే పలచటి నీటిపొర సాయపడుతుంది. నీళ్లు మరీ ఎక్కువైతే మాత్రం కథ అడ్డం తిరుగుతుంది. తడిసిన రెండు గాజుపలకలు ఒకదానికొకటి అతుక్కున్నట్టు పలక మంచును పట్టేస్తుంది. మైనానికి నీళ్లంటే పడదు. అందుకని అడుగున మైనం ఉంటే నీరు బొట్టు బొట్టుగా విడిపోయి పలకను వదిలేస్తుంది. ఇసుక మీద నీటిపొర మాటే లేదు. అక్కడ మైనం చేసేది కేవలం రాపిడి తగ్గించడమే. పైగా ఇసుక గరుకుకాగితంలా ఆ పూతను గీకేస్తూ ఉంటుంది. దుబాయ్‌లో ఒకటి రెండుసార్లు జారగానే మళ్లీ మళ్లీ రుద్దేది అందుకే.

మంచు మైనానికి మరీ పాత చరిత్ర ఉంది. 1860లలో కాలిఫోర్నియా కొండల్లో బంగారం గనుల పనివాళ్లు చలికాలంలో పొడవాటి చెక్క స్కీలు కట్టుకుని కొండ మీంచి పందేలు వేసుకునేవారు. ఎవరి మైనం వాళ్లదే. తిమింగలం కొవ్వు, దేవదారు జిగురు, కర్పూరం... ఏది ఎంత వేయాలో పక్కవాడికి తెలియనిచ్చేవారు కాదు. ఆవకాయ కొలతలు దాచుకునే ఇల్లాళ్లు గుర్తొస్తే తప్పు మనది కాదు.

ఇంకో విడ్డూరం. కొండ దిగడం కాకుండా, మైదానంలో మంచు మీద నడక సాగించే స్కీలుంటాయి. వాటితో ముందుకు జారాలి, కాలితో వెనక్కి తన్నినప్పుడు మాత్రం మంచును పట్టుకోవాలి. ఏం చేస్తారు? ఒకే పలకకు ముందూ వెనకా జారుడు మైనం, సరిగ్గా పాదం కింద పట్టు మైనం! పలక మధ్యలో విల్లులా కొంచెం పైకి వంగి ఉంటుంది. జారేటప్పుడు ఆ మధ్యభాగం మంచుకు ఆనదు. కాలితో గట్టిగా తొక్కినప్పుడే ఆనుతుంది. కరీంనగర్ ఇంట్లో కాక, మేనకోడలు పడ్డ వాదం ఈ ఒక్క పలకలో సర్దుకుపోయింది.

అయితే మైనం దుకాణానికి వెళితే అంత సులువుగా తేలదు. అల మీదిదైనా, మంచు మీదిదైనా బిళ్ల మీద ఉష్ణోగ్రత రాసి ఉంటుంది. వ్యాపారులు నాలుగు రకాలు అమ్ముకోవడానికి వేసిన ఎత్తు అనుకుంటే పొరబాటే. మే నెలలో రామగుండం, డిసెంబరులో ఆదిలాబాద్... ఈ రెండూ తెలిసిన వాళ్లకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. రామగుండంలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఆదిలాబాద్ ఏజెన్సీలో చలి ఐదు డిగ్రీలకు, కొన్ని రాత్రులు ఇంకా కిందికి దిగుతుంది. అక్కడ కొబ్బరినూనె గిన్నెలో నీళ్లలా పారుతుంది, ఇక్కడ సీసాలోంచి పుల్లతో తీయాల్సిందే. మైనమూ అంతే. చన్నీటి సముద్రం కోసం చేసిన మెత్తరకం బిళ్ల తీసుకుని విశాఖలో రుద్దితే కరిగి జారిపోతుంది. బిళ్ల మీద 'ట్రాపికల్' అని ఉన్న గట్టిరకమే మన బంగాళాఖాతానికి పనికొస్తుంది. మంచులో మరో లెక్క. బాగా చలిగా ఉన్నప్పుడు మంచు రేణువుల మొనలు సూదుల్లా ఉంటాయి, మెత్తటి మైనంలోకి గుచ్చుకుని బండిని ఆపేస్తాయి. కాబట్టి చలికి గట్టిది, తడి మంచుకు మెత్తది.

అసలు ప్రశ్న మిగిలే ఉంది. అందరికీ అవసరమేనా? కాదు. మనాలీలోనో, స్కీ దుబాయ్‌లోనో అద్దె పలక తీసుకునేవాళ్లు దీని గురించి ఆలోచించనక్కర్లేదు. ఆ పని అద్దెకిచ్చేవాళ్లదే. అలల ఆట కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇచ్చే మెత్తటి నురుగు పలకల పైభాగం చాలావరకు గరుకుగానే ఉంటుంది, మైనం లేకున్నా గడిచిపోతుంది. నిలబడి తెడ్డు వేసే వెడల్పాటి పలకలకైతే పైన రబ్బరులాంటి చాప అతికించి ఉంటుంది. దాని మీద మైనం రుద్దితే చాప పాడవడం తప్ప లాభం లేదు. మన చెరువుల్లో చేపలు పట్టేవాళ్ల థర్మాకోల్ తెప్పకూ అక్కర్లేదు. గోదావరి మీద నాటు పడవకు తారు పూయడం వేరే కథ, అది నీరు లోపలికి ఊరకుండా. సొంతంగా స్నోబోర్డు కొనుక్కుని ప్రతి శనివారం కొండకు పోయే అమెరికా అబ్బాయికి మాత్రం తప్పదు. పలక అడుగున అంచుల దగ్గర తెల్లగా, ఎండిన చర్మంలా కనిపించిందంటే మైనం అయిపోయినట్టే. ఇంకా ఊరుకుంటే పలక ఉన్నట్టుండి మంచును పట్టుకుంటుంది. కాళ్లు ఆగుతాయి, ఒళ్లు ఆగదు.

ఆ అబ్బాయి తల్లిదండ్రులు కాస్త జాగ్రత్తగా చదవాల్సింది ఇక్కడి నుంచే.

1980ల నుంచి పందేల్లో వేగం కోసం ఫ్లోరిన్ కలిపిన మైనాలు వచ్చాయి. నిజంగానే బ్రహ్మాండంగా జారేవి. ధర కూడా అంతే బ్రహ్మాండం. వాటిలోని రసాయనాలు నాన్‌స్టిక్ పెనాల చర్చల్లో వినిపించే కుటుంబానికి చెందినవే. మట్టిలో, నీళ్లలో ఏళ్ల తరబడి విరగవు. ఒంట్లోకి చేరితే త్వరగా బయటికి పోవు. ఈ మైనం పూయాలంటే వేడి ఇస్త్రీపెట్టెతో కరిగించాలి. ఆ పొగ పీల్చేది ఎవరు? పతకం గెలిచే ఆటగాడు కాదు, గదిలో కూర్చుని రోజంతా స్కీలకు మైనం పట్టే పనివాడు. స్వీడన్, నార్వే జట్ల మైనం పనివాళ్ల రక్తం పరీక్షిస్తే పీఎఫ్‌ఓఏ అనే రసాయనం సాధారణ జనంలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించింది. ఆ సంగతి 2010లో అచ్చయింది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం పీఎఫ్‌ఓఏను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది.

అంతర్జాతీయ స్కీ సమాఖ్య ఫ్లోరిన్ మైనాన్ని నిషేధించాలని 2019లో నిర్ణయించింది. దాన్ని పట్టుకునే పరికరం సిద్ధం కావడానికి ఆలస్యమై, 2023-24 సీజన్ నుంచి గానీ అమలు కాలేదు. అమలైన మొదటి పోటీల్లోనే, 2023 అక్టోబరులో ఆస్ట్రియాలోని సోల్డెన్‌లో నార్వే క్రీడాకారిణి రాన్‌హిల్డ్ మోవింకెల్ స్కీల మీద ఫ్లోరిన్ బయటపడి ఆమె ఫలితాన్ని రద్దు చేశారు. పందెం ముగిశాక స్కీలు చూసి మరీ తీసేశారంటే ఎంత పట్టింపో తెలుస్తుంది.

నిషేధం పోటీలకు. పాత సామాను అమ్మే చోట్ల, స్నేహితుడు ఖాళీ చేసిన ఇంటి గ్యారేజీలో పాత డబ్బాలు ఇంకా కనిపించవచ్చు. చవగ్గా వచ్చిందని తెచ్చుకుని, బయట మంచు కురుస్తోంది కాబట్టి కిటికీలన్నీ బిగించి, వంటగదిలోనే పలక పెట్టుకుని, బట్టల ఇస్త్రీపెట్టెతో కరిగించే కుర్రాళ్లకు ఏం చెప్పాలి? బట్టల ఇస్త్రీపెట్టె వేడి ఒక్కసారి ఎక్కువ, ఒక్కసారి తక్కువ. మైనం నుంచి పొగ లేచిందంటే వేడి మితిమీరినట్టే. ఆ పొగ ఫ్లోరిన్ మైనానిదైతే జ్వరం, ఆయాసం పట్టుకోవచ్చు. మామూలు పారఫిన్‌దైనా ఊపిరితిత్తులకు మంచిది కాదు. మైనానికి విడిగా వాడే ఇస్త్రీపెట్టెలు దొరుకుతాయి, అవి వేడిని ఒకేలా ఉంచుతాయి. తలుపులు తీసిపెట్టాలి. చల్లారాక గీకిన పొట్టును ఊడ్చి చెత్తలో వేయాలి, పెరట్లో కాదు. అన్నం వండే పొయ్యి పక్కన ఈ పని పెట్టుకోకూడదని వేరే చెప్పాలా? డబ్బా మీద ఫ్లోరో అన్న మాట గానీ, ఏమీ రాసి లేని పాత పొడి గానీ కనిపిస్తే ముట్టకపోవడమే మేలు. వారాంతం సరదాకు మామూలు హైడ్రోకార్బన్ మైనం సరిపోతుంది. సెకనులో వందో వంతు తేడా లెక్క పెట్టేవాళ్లు ఎలాగూ ఆ కొండ మీద ఉండరు.

అల మీది పలకకు ఇస్త్రీపెట్టెతో పనే లేదు. నీడన కూర్చుని చేత్తో రుద్దుకోవడమే. ఎండలో పలకను మైనం వైపు పైకి పెట్టి వదిలేయకూడదు, పూతంతా కారిపోయి ఇసుక అంటుకుంటుంది. పాత పూత మట్టిపట్టి నల్లబడితే కాసేపు ఎండ చూపించి, మెత్తబడ్డాక గీకేసి, గుడ్డ మీద కాస్త కొబ్బరినూనె వేసి తుడిస్తే పోతుంది. ఆ నూనె మిగలకుండా సబ్బుతో కడిగాకే కొత్తది రుద్దాలి. లేకపోతే మళ్లీ జారుడే. అన్నట్టు, సరదాగా ఓ బిళ్ల కొనుక్కుని కారు అద్దం దగ్గర పడేసి మరిచిపోతే, వేసవిలో అది రామగుండం చేరేలోగానే సీట్ల మీదికి పారుతుంది. గీకి తీయడానికి గడువు తీరిన ఏటీఎం కార్డు బాగా పనికొస్తుంది.